అంగడి వాళ్లదే, అందులో దుకాణమూ వాళ్లదే



కొత్త ఫోను ఒకటి విడుదలైందనుకోండి. మధ్యాహ్నం పన్నెండింటికి ఏదో వెబ్‌సైటులో అమ్మకం మొదలవుతుంది. మెదక్ జిల్లా రేగోడ్‌లో సెల్‌ఫోన్ దుకాణం పెట్టుకున్న యువకుడికి ఆ సంగతి గిరాకీ నోటి నుంచే తెలుస్తుంది. "అన్నా, గా కొత్త ఫోను వచ్చిందా?" అని కాలేజీ పిల్లవాడొకడు అడుగుతాడు. రాలేదు. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే, "అది ఆన్‌లైన్ మాల్, మన దాకా రాదు" అంటాడు. పిల్లవాడు అక్కడే నిలబడి తన ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటాడు. అదే ఫోనుకు టెంపర్డ్ గ్లాసు వేయించుకోవడానికి మాత్రం వారం తర్వాత ఈ దుకాణానికే వస్తాడు.

ఆ దుకాణదారు ధర ఎక్కువ చెప్పలేదు, మర్యాద తక్కువ చేయలేదు. అసలు అమ్మడానికి అతని చేతికి సరుకే రాలేదు. పందెంలోకి రానివ్వకుండా గేటు బయటే నిలబెట్టి, ఓడిపోయాడని చెప్పడం అన్యాయం.

ఫోన్లను ఆన్‌లైన్‌లో మాత్రమే విడుదల చేసే ఈ పద్ధతి మన దేశంలో 2014లో బలపడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మోటో జీ, జూలైలో షావోమీ ఎంఐ 3 ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే దొరికేలా విడుదలయ్యాయి. సెకన్లలో అయిపోయే ఫ్లాష్ సేల్ అనే మాట అప్పుడే మన చెవిన పడింది. అదే ఏడాది అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పేరుతో పెద్ద తగ్గింపు అమ్మకం జరిపింది. అప్పటి నుంచి దసరా, దీపావళి గిరాకీలో చెప్పుకోదగ్గ వాటా పట్నం, పల్లె తేడా లేకుండా ఫోన్ తెర మీదికి పోయింది. రేగోడ్ మెదక్ జిల్లా పడమటి కొసన, సంగారెడ్డి జిల్లాకు ఆనుకొని ఉన్న మండల కేంద్రం. పెద్ద కొనుగోలుంటే నారాయణఖేడ్‌కో జోగిపేటకో, పెండ్లి సామానుంటే సంగారెడ్డికో పోవడం ఇక్కడివాళ్లకు అలవాటు. ఇప్పుడు వాళ్ల గడప దాకా కొరియర్ బండి వస్తోంది. కొనేవాళ్లకు ఇది మేలే, ఆ మేలును నేను కాదనను. ఊళ్లో దొరకని పుస్తకం, పెద్దాయన మోకాలికి కట్టుకునే పట్టీ, పిల్లల సైన్సు కిట్టు, ఇవన్నీ ఈ ఆన్‌లైన్ సంస్థల వల్లే అందుతున్నాయి.

మరి గొడవ ఎక్కడుంది? మన అంగడినే తీసుకోండి. వారానికొకసారి కూరగాయలు, బట్టలు, పప్పులు, చీపుర్లు అమ్మేవాళ్లు వచ్చి కూర్చుంటారు. తైబజార్ గుత్త పట్టినాయన ఒక్కొక్కరి దగ్గర రుసుము వసూలు చేసుకుంటాడు. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ గుత్తేదారే ఒకరోజు అంగడి మొగదల తన సొంత దుకాణం పెట్టాడనుకోండి. ఎవరు ఏ సరుకు ఎంతకు తెచ్చారో, ఎంతకు అమ్మారో, ఎవరి దగ్గర ఎవరు కొన్నారో అతని చిట్టాలో ప్రతివారం ఎక్కుతుంది. బాగా అమ్ముడుపోయేది ఏదో చూసుకొని అదే సరుకు తెచ్చి రూపాయి తక్కువకు పెడతాడు. తనకు నచ్చనివాణ్ణి చింతచెట్టు వెనక మూలన కూర్చోబెడతాడు. రుసుము మాత్రం అందరి దగ్గరా తీసుకుంటాడు, తన దుకాణానిది తన జేబులోంచి తన జేబులోకే. ఇట్లా జరిగితే పంచాయతీ ముందు లొల్లి కాకుండా ఉంటుందా? తెర మీది అంగడిలో జరుగుతోందని వ్యాపారులు అంటున్నది సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే, అక్కడ గుత్తేదారు ముఖం కనబడదు, చెట్టు వెనక కూర్చోబెట్టిన సంగతి కూర్చున్నవాడికే తెలియదు. సెర్చిలో నాలుగో పేజీకి పోయిన దుకాణం ఎవరి కంటా పడదు.

ఇది ఊహ అనుకునేరు. 2021 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ అమెజాన్ సంస్థ అంతర్గత పత్రాలు చూసి ఒక కథనం రాసింది. 2019 మొదట్లో ఇండియాలో ఆ వెబ్‌సైటులో అమ్మేవాళ్లు నాలుగు లక్షల మందికి పైగా ఉంటే, మొత్తం అమ్మకాల విలువలో దాదాపు మూడింట రెండు వంతులు 35 మంది చేతుల్లోనే ఉన్నాయన్నది దాని సారాంశం. ఆ 35 మందిలో పెద్దవి రెండు, క్లౌడ్‌టెయిల్, అప్పారియో. ఆ రెండింటి వెనక ఉన్న సంస్థల్లో అప్పట్లో అమెజాన్‌కు వాటా ఉండేది. అదే ఏడాది అక్టోబరులో రాయిటర్స్ ఇంకో కథనం ఇచ్చింది. వెబ్‌సైటులో బాగా పోతున్న వస్తువుల సమాచారం చూసి వాటికి నకలుగా సొలిమో వంటి సొంత బ్రాండ్లు తయారు చేశారని, అవి సెర్చిలో పైన కనబడేట్టు చూసుకున్నారని అందులో ఉంది. ఈ రెండింటినీ అమెజాన్ ఖండించింది, అమ్మకందారులందరినీ సమానంగా చూస్తున్నామని చెప్పింది. ఆ మాట కూడా మీకు చెప్పాలి కాబట్టి చెప్పాను. నాలుగు లక్షల చిన్న వ్యాపారులకు వేదిక అని పత్రికల్లో ప్రకటనలు వేసుకునే చోట 35 మంది లెక్క మాత్రం నాకు మింగుడు పడదు.

చట్టం చూస్తూ ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంస్థ సరుకు తానే నిల్వ చేసి నేరుగా అమ్మకూడదని, కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపే మధ్యవర్తిగానే ఉండాలని మన విధానం. దీన్ని బిగించడానికి కేంద్రం 2018 డిసెంబరు 26న ఒక ప్రెస్ నోట్ ఇచ్చింది, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. వెబ్‌సైటు నడిపే సంస్థకు వాటా ఉన్న కంపెనీ ఆ వెబ్‌సైటులో అమ్మకూడదు, ఏ వస్తువునూ మా దగ్గరే అమ్మాలని ఎవరినీ కట్టడి చేయకూడదు అని అందులో రాశారు. తర్వాత అమెజాన్ వాళ్లు తమ వాటాలు కొంచెం అటూ ఇటూ సర్దుకున్నారు, వ్యాపారం సాగింది. క్లౌడ్‌టెయిల్ మూతపడింది 2022 మేలో.

ఇప్పుడు అసలు వ్యాజ్యానికి వద్దాం. మన దేశంలో పోటీ న్యాయంగా జరుగుతోందా అని చూడటానికి ఒక సంస్థ ఉంది. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, సీసీఐ అంటారు. 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం స్థానంలో 2002లో పోటీ చట్టం వచ్చింది. దాని కింద ఈ కమిషన్ 2009 మే 20 నుంచి ఫిర్యాదుల మీద చర్యలు మొదలుపెట్టింది. చట్టంలో రెండు సెక్షన్లు గుర్తుంచుకుంటే చాలు. మూడో సెక్షన్ పోటీని దెబ్బతీసే ఒప్పందాల గురించి, నాలుగో సెక్షన్ మార్కెట్‌లో పైచేయి ఉన్నవాళ్లు ఆ పైచేయిని దుర్వినియోగం చేయడం గురించి. పెద్దగా ఉండటం మన చట్టంలో నేరం కాదు. ఆ పెద్దరికంతో పక్కవాడి గొంతు నొక్కితేనే నేరం.

ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ అనే చిన్న, మధ్యతరహా వ్యాపారుల సంఘం అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద ఈ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఫోన్ కంపెనీలతో ప్రత్యేక ఒప్పందాలు, కొందరు అమ్మకందారులకే పెద్దపీట, నష్టానికి అమ్మి పోటీని చంపే తగ్గింపులు, ఇవీ ఆరోపణలు. 2020 జనవరి 13న కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. అక్కణ్ణుంచి ఏం జరిగిందో వినండి. ఫిబ్రవరిలో కర్ణాటక హైకోర్టు దర్యాప్తు మీద స్టే ఇచ్చింది. 2021 జూన్ 11న సింగిల్ జడ్జి ఆ సంస్థల పిటిషన్లు కొట్టేశారు. జూలై 23న డివిజన్ బెంచ్ అప్పీళ్లు కొట్టేసింది. ఆగస్టు 9న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. అంటే దర్యాప్తు జరగాలా వద్దా అని తేలడానికే ఏడాదిన్నర పట్టింది. దర్యాప్తు పూర్తయింది 2024లో. వెయ్యి పేజీలకు పైగా ఒక నివేదిక అమెజాన్ మీద, పదహారు వందల పేజీలకు పైగా ఇంకొకటి ఫ్లిప్‌కార్ట్ మీద. ఎంపిక చేసుకున్న అమ్మకందారులకు మొగ్గు చూపారని, ఫోన్ కంపెనీలతో కలిసి ప్రత్యేక విడుదలలు చేశారని దర్యాప్తు అధికారులు తేల్చినట్టు ఆ సెప్టెంబరులో వార్తలు వచ్చాయి. అది తుది తీర్పేమీ కాదు, కమిషన్ వినాల్సింది ఇంకా ఉంది. వినేలోపే అమ్మకందారులు, ఫోన్ కంపెనీలు రకరకాల హైకోర్టులకు వెళ్లారు. ఆ 24 పిటిషన్లను ఒక్కచోటికి తెమ్మని డిసెంబరులో కమిషనే సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2025 జనవరిలో అవి కర్ణాటక హైకోర్టుకు చేరాయి.

2020 జనవరిలో దుకాణం నడుపుతున్న చిన్న సెల్‌ఫోన్ వ్యాపారి ఆ తర్వాత కరోనా చూశాడు, లాక్‌డౌన్ చూశాడు, అద్దె కట్టలేక రెండు షట్టర్లలో ఒకటి ఖాళీ చేశాడు. రేపు తీర్పు అతని తరఫునే వచ్చినా దాన్ని చదవడానికి అతను ఆ వ్యాపారంలో ఉండాలి కదా! పోటీ చట్టంతో నాకున్న పేచీ అంతా ఇక్కడే.

ఇదంతా ఢిల్లీ, బెంగళూరు కథ అనుకోకండి. మన హైదరాబాద్‌లోనే ఒక వ్యాజ్యం పుట్టింది. విజయ్ గోపాల్ పేరు మీరు పేపర్లో చూసే ఉంటారు, మాల్స్‌లో పార్కింగ్ ఫీజుల మీద, సినిమా టికెట్ల కన్వీనియన్స్ ఫీజు మీద పోరాడిన వ్యక్తి. ఆయన షోటైమ్ పేరుతో ఆన్‌లైన్ టికెట్ల వ్యాపారం పెట్టుకున్నారు. సినిమాహాళ్ల దగ్గరికి పోతే, బుక్‌మైషోతో మాకు ఒప్పందం ఉంది, నీకు టికెట్లు ఇవ్వలేమన్న జవాబే ఎదురైందని ఆయన ఫిర్యాదు. సినిమాహాళ్లకు ముందుగానే అడ్వాన్సులు ఇచ్చి కట్టిపడేస్తున్నారన్నది మరో ఆరోపణ. సీసీఐ దాన్ని చూసి, ఆన్‌లైన్ సినిమా టికెట్ల మార్కెట్‌లో బుక్‌మైషోకు పైచేయి ఉన్నట్టు ప్రాథమికంగా కనబడుతోందని చెప్పి, 2022 జూన్‌లో దర్యాప్తుకు ఆదేశించింది. ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. ఆ దర్యాప్తు వేయించడానికి పెద్ద వ్యాపార సంఘమో కార్పొరేట్ లాయర్ల దండో అక్కర్లేకపోయింది. కాగితాలు పట్టుకొని వెంటపడిన ఒక్క మనిషి సరిపోయాడు.

సరిగ్గా అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సమస్యకు ఇంకోరకం మందు వేయబోయారు. జూన్ 2న వచ్చిన జీవో 69 ప్రకారం రాష్ట్రంలో ఆన్‌లైన్ సినిమా టికెట్లన్నీ ప్రభుత్వ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ గేట్‌వే ద్వారానే అమ్మాలి. ప్రేక్షకుడికి రెండు శాతం మించి సేవా రుసుము పడదన్నారు, వినడానికి బాగానే ఉంది. కానీ హాలు యజమాని డబ్బు మొదట సర్కారు ఖాతాలో పడి, అక్కణ్ణుంచి ఎప్పుడు తిరిగి వస్తుందో అన్న భయం పుట్టింది. బుక్‌మైషో, మల్టీప్లెక్సులు హైకోర్టుకు వెళ్లాయి, జూలై 1న హైకోర్టు స్టే ఇచ్చింది. ప్రైవేటు గుత్తాధిపత్యం బాధ తీర్చడానికి సర్కారు గుత్తాధిపత్యం తేవడం సరైన మందు అని నేననుకోను. గేటు దగ్గర మనిషి మారతాడు, గేటు అట్లాగే ఉంటుంది.

హైదరాబాద్ పేరుతోనే ఇంకో పాత వ్యాజ్యం ఉంది. క్యాబ్‌లది. మేరూ సంస్థ హైదరాబాద్‌తో పాటు కొన్ని నగరాల విషయంలో ఓలా, ఉబర్‌ల మీద సీసీఐకి ఫిర్యాదు చేసింది. పెట్టుబడిదారుల డబ్బు కుమ్మరించి, నష్టానికి క్యాబ్‌లు తిప్పి, మిగతా అందరినీ తుడిచిపెడుతున్నారని వాదించింది. 2018 జూన్‌లో కమిషన్ దాన్ని కొట్టేసింది. కారణం వింటే ఆశ్చర్యపోతారు. మన చట్టంలో పైచేయి అంటే ఒక సంస్థకో ఒక గ్రూపుకో ఉండేది. ఇద్దరు కలిసి మార్కెట్ మొత్తం పంచుకుంటే, వాళ్లిద్దరి మధ్యా పోటీ ఉంది కనుక ఎవరికీ పైచేయి లేనట్టే లెక్క! ఢిల్లీ విషయంలో ఉబర్ మీద ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్కో ట్రిప్పుకు 204 రూపాయల నష్టం వస్తోందన్న లెక్క చూసి, పోటీని లేకుండా చేయడానికి తప్ప ఇంత నష్టం ఎందుకు భరిస్తారన్న ధోరణిలో 2019 సెప్టెంబరులో కోర్టు దర్యాప్తును సమర్థించింది. ఆ దర్యాప్తులోనూ పైచేయి రుజువు కాలేదని 2021లో కేసు మూసేశారు. ఆ రోజుల్లో నెలకు లక్ష సంపాదించవచ్చని విని అప్పు చేసి కారు కొన్న కుర్రవాళ్లు మన జిల్లా నుంచి కూడా హైదరాబాద్ వెళ్లారు. ఇన్సెంటివ్‌లు తగ్గి కమీషన్లు మిగిలాక కిస్తీలు కట్టలేక ఎందరు బండ్లు అప్పజెప్పారో ఆ ఇండ్లవాళ్లకు తెలుసు.

ఇక మన జేబులో ఉన్న ఫోన్ సంగతి. 2022 అక్టోబరు 20న సీసీఐ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆండ్రాయిడ్ ఫోన్లలో తన సెర్చిని, తన యాప్‌లను తప్పనిసరి చేసి ఇతరులకు చోటు లేకుండా చేసినందుకు. ఐదు రోజులకే, అక్టోబరు 25న, ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో మరో 936.44 కోట్లు వేసింది. ఈ రెండోది చిన్న సంస్థలకు నేరుగా తగిలే విషయం. హైదరాబాద్‌లో నలుగురు ఇంజనీర్లు కలిసి ఒక యాప్ చేశారనుకోండి. అది మన ఫోన్లోకి రావాలంటే ఆచరణలో ప్లే స్టోరే దారి. అందులో డబ్బు తీసుకుంటే అప్పట్లో గూగుల్ బిల్లింగే వాడాల్సి ఉండేది, వందకు పదిహేను నుంచి ముప్పై రూపాయలు దానికి కట్టాల్సి వచ్చేది. కమిషన్ ఆదేశం తర్వాత వేరే బిల్లింగ్ పెట్టుకోనిచ్చారు, తగ్గించింది మాత్రం నాలుగు రూపాయలే. 2024 మార్చి 1న ఈ రుసుముల తగాదాలో భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ వంటి యాప్‌లను గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది. కేంద్రమంత్రి పిలిచి మాట్లాడితే గానీ కొద్దిరోజుల్లో తిరిగి పెట్టలేదు. పెండ్లి సంబంధాల యాప్ ఒకటి శుక్రవారం రాత్రికి మాయమైతే నడిపే సంస్థ ఎవరికి మొరపెట్టుకోవాలి? పెద్దది కాబట్టి వాళ్ల మాట మంత్రి దాకా పోయింది. నలుగురు ఇంజనీర్ల యాప్ మాయమైతే ఈమెయిల్‌కు యంత్రం జవాబిస్తుంది. బిల్లింగ్ జరిమానా విషయానికొస్తే, 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది.

రేగోడ్ దుకాణాల్లోకే మళ్లీ వద్దాం. కిరాణం కొట్టు, చాయ్ బండి, మెడికల్ షాపు, ఎరువుల దుకాణం, ఎక్కడ చూసినా గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట, దాని పక్కన డబ్బు పడగానే అరిచే డబ్బా. యూపీఐ మన దేశం గర్వపడాల్సిన ఏర్పాటు. 2020 జనవరి నుంచి దుకాణదారు మీద ఎండీఆర్ అనే రుసుము కూడా లేదు. రైతుకు పత్తి డబ్బులు, కందుల డబ్బులు ఖాతాలో పడితే అక్కణ్ణుంచే కొట్టువాడి ఉద్దెర తీర్చేస్తున్నాడు. అయితే ఈ యూపీఐ చెల్లింపుల్లో నూటికి దాదాపు ఎనభై రెండే రెండు యాప్‌ల మీద జరుగుతున్నాయి, ఫోన్‌పే, గూగుల్ పే. ఏ ఒక్క యాప్ వాటా కూడా ముప్పై శాతం దాటకూడదని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2020 నవంబరులో నిబంధన పెట్టింది. దాటిన వాళ్లు తగ్గించుకోవడానికి గడువు 2022 చివరి దాకా అన్నారు, తర్వాత 2024 చివరికి, ఆ తర్వాత 2026 డిసెంబరు 31కి పొడిగించారు. బ్యాంకు అప్పు గడువు దాటిన చిన్న రైతుకు ఇన్ని వాయిదాలు దొరుకుతాయా?

ఇక్కడ ఫలానా సంస్థ నేరం చేసిందని నేను అనడం లేదు. నా భయం ముందు రోజుల గురించి. అరిచే డబ్బాకు నెలనెలా అద్దె కడుతున్నాం. మన రోజువారీ గిరాకీ ఎంతో, ఏ నెలలో సన్నబడుతుందో, ఏ ఇంటివాళ్లు ఎన్నిసార్లు కొంటారో, అంతా ఆ యాప్‌ల వాళ్లకు లెక్క తెలుసు. ఆ లెక్క చూసే అప్పులిస్తామని కొట్టువాడికి మెసేజ్ పంపుతారు. రేపు రుసుము పెట్టినా, షరతు మార్చినా, పోయి వేరేవాళ్ల దగ్గర కూర్చోవడానికి ఇంకో అంగడి ఉండాలి. ఇద్దరే మిగిలినప్పుడు క్యాబ్ కేసులో చట్టం ఏం చెప్పిందో ఇందాకే విన్నారు.

వ్యాజ్యాల్లో జరిగే ఈ ఆలస్యమంతా చూశాకే పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2022 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. తప్పు జరిగాక ఏళ్ల తరబడి దర్యాప్తు చేసే పద్ధతి డిజిటల్ మార్కెట్లకు పనికిరాదు, ముందుగానే పెద్ద సంస్థలకు హద్దులు గీయాలి అన్నది దాని సారం. ఒక కమిటీ వేశారు. 2024 మార్చి 12న డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. ఇండియాలో టర్నోవర్ నాలుగు వేల కోట్లో, అమ్మిన సరుకు విలువ పదహారు వేల కోట్లో, ఇట్లా డబ్బు కొలతల్లో ఒకటి దాటి, కోటిమంది వినియోగదారులో పదివేల మంది వ్యాపారులో వాడుతున్న సంస్థలకు అది వర్తిస్తుంది. అట్లాంటి సంస్థ తన వేదిక మీద తన సరుకుకు మొగ్గు చూపకూడదు. వ్యాపారుల సమాచారాన్ని వాళ్ల మీదే వాడకూడదు. ఒక సేవ కావాలంటే ఇంకోటి తీసుకోవాల్సిందేనని మెలిక పెట్టకూడదు. ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో పది శాతం దాకా జరిమానా. యూరప్‌లో ఇలాంటి చట్టం కింద పెద్ద సంస్థలు 2024 మార్చి 7 నుంచి నడుచుకోవాల్సి వచ్చింది. మన ముసాయిదా ఇంకా ముసాయిదాగానే ఉంది.

దీనికి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేయలేం. ఎదుగుతున్న మన దేశీ సంస్థలే ఈ కొలతల్లో చిక్కుకుంటాయని కొందరంటారు. ధరలు పెరుగుతాయని ఇంకొందరు. మొదటిదానికి జవాబు కొలతలు సరిచూసుకోవడంలో ఉంది, చట్టం మానుకోవడంలో కాదు. రెండోదానికి నేను ఒక ప్రశ్న వేస్తాను. ఈరోజు నష్టానికి అమ్మేవాళ్లు, పోటీకి ఎవరూ లేని రోజున కూడా అదే ధరకు అమ్ముతారని హామీ ఏది?

చిన్న దుకాణదారులకూ ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం ఏకపక్షం అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కూల్‌డ్రింక్‌కు ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు ఎక్కువ గుంజడం, బిల్లు అడిగితే ముఖం చిట్లించడం, పాడైన చార్జర్ వాపసు తెస్తే "నువ్వే కింద పడేసినవ్" అనడం, ఇట్లా పోయిన గిరాకీని ఎవరో ఎత్తుకుపోలేదు, మనమే తరిమాం. న్యాయమైన పోటీ కోసం అడిగేవాళ్ల తూకం ముందు సరిగ్గా ఉండాలి.

ప్రభుత్వం ఓఎన్‌డీసీ పేరుతో 2021 చివర ఒక ఉమ్మడి నెట్‌వర్క్ పెట్టింది. ఒకచోట సరుకు నమోదు చేస్తే అనేక యాప్‌లలో కనబడాలన్నది దాని ఉద్దేశం. మంచిదే, కానీ సరుకు చేరవేసే మనిషి లేని మండల కేంద్రంలో అది ఇంకా కాగితం మీది సౌకర్యమే. 2021 జూలైలో చిల్లర వ్యాపారులను చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) జాబితాలో చేర్చారు. అది ప్రాధాన్యరంగం కింద బ్యాంకు అప్పులకు మాత్రమే వర్తిస్తుంది. ఆ జాబితాలో చేరడానికి ఉన్న ఉద్యమ్ నమోదు చేయించుకోనివాళ్లు చేయించుకోండి, అప్పుకు పోయినప్పుడు పనికొస్తుంది.

అసలు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఫలానా మోడల్ మీకు ఇవ్వలేమని డిస్ట్రిబ్యూటర్ మెసేజ్ పెడితే దాన్ని చెరిపేయకండి. వెబ్‌సైటులో అమ్మే ధర మీరు కొనే ధర కన్నా తక్కువగా ఉంటే తేదీతో స్క్రీన్‌షాట్ తీసి, మీ కొనుగోలు బిల్లుతో కలిపి దాచండి. మీరే ఆన్‌లైన్‌లో అమ్ముతూ ఉంటే, కమీషన్ మార్చినప్పుడల్లా వచ్చిన ఈమెయిల్ అచ్చు తీసి పెట్టుకోండి. సీసీఐకి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు, వ్యాపారి, వినియోగదారు, సంఘం. పేరు బయటపడకుండా గోప్యంగా ఉంచమని కోరే వీలు కూడా ఉంది. ఒక్కరి దగ్గర ఉన్న నాలుగు కాగితాలకు విలువ తక్కువ. రేగోడ్, అల్లాదుర్గం, టేక్మాల్, నారాయణఖేడ్, జోగిపేట దుకాణాల కాగితాలు ఒక్క ఫైలులో చేరితే దాన్ని పక్కన పడేయడం ఎవరికీ తేలిక కాదు. హైదరాబాద్‌లో ఒక్కడు వేయించిన దర్యాప్తు సంగతి చెప్పాను కదా.

ఇంకో విన్నపం. రేగోడ్ అందోల్ నియోజకవర్గంలో, జహీరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది. మన ఎంపీ ఏ పార్టీ వారైనా సరే, ఈసారి మండలానికి వచ్చినప్పుడు రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగేవాళ్లలో ఒక దుకాణదారు కూడా లేచి నిలబడాలి. డిజిటల్ కాంపిటీషన్ బిల్లు పార్లమెంటులో ఎప్పుడు పెడతారని అడగాలి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.